మన కుళాయికి యజమాని ఎవరు?

ఆ మధ్య ఒక మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, కాసేపు నడుం వాలుద్దామనుకునేసరికి ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గర నించుని కేకేశారు. "ఒక్కసారి వచ్చి వెళ్ళమ్మా. మా కుళాయి నీళ్ళు చూస్తే రాత్రికి నీకు అన్నం సయించదు" అన్నారు. ఏం కొంప మునిగిందో అనుకుంటూ చెప్పులు వేసుకుని పరుగెత్తాను.

వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద రెండు గాజుగ్లాసులు. బల్ల పక్కన టై కట్టుకున్న కుర్రాడు. ఒక గ్లాసులో పిన్నిగారి కుళాయి నీళ్ళు, రెండో గ్లాసులో అతను సీసాలో తెచ్చుకున్న ఆరో మిషను నీళ్ళు. రెండింట్లోనూ కడ్డీలున్న చిన్న పరికరం ముంచి స్విచ్చి వేశాడు. చూస్తూండగానే కుళాయి నీళ్ళు పచ్చబడి, ముదురు గోధుమరంగుకి తిరిగి, పైన మడ్డిలా తెట్టు కట్టాయి. ఆరో నీళ్ళు మాత్రం దాదాపు తెల్లగానే ఉన్నాయి. "ఇదండీ మీరు రోజూ తాగుతున్నది" అన్నాడు కుర్రాడు, కడుపులో పేగులు చూపించిన డాక్టరులాగా.

పిన్నిగారి మొహం పాలిపోయింది. పాపం, ఆవిడ భయానికి కారణం లేకపోలేదు. నాలుగేళ్ళ మనవరాలికి రెండు నెలల్లో రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. రెండోసారి సెలైను కూడా ఎక్కించారు. మిషను ఖరీదు పద్దెనిమిది వేలు. కంటి ఆపరేషను కోసమని దాచుకున్న చీటీ డబ్బు బీరువాలో ఉంది. తాళంచెవి అప్పటికే పిన్నిగారి చేతిలో ఉంది కూడా.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివి, ఆ తర్వాత ఇరవై ఏళ్ళుగా దోసెల పిండి పులియబెట్టడానికి తప్ప దాన్ని వాడినదాన్ని కాదు. అయినా ఆ గ్లాసు చూస్తే ఎక్కడో గుర్తొచ్చింది. "బాబూ, ఆ ఆరో నీళ్ళలో చిటికెడు ఉప్పు వేస్తాను. మళ్ళీ పెట్టి చూపించు" అన్నాను. కుర్రాడు కాస్త నసిగాడు. పిన్నిగారే లేచి ఉప్పుజాడీ తెచ్చారు. ఉప్పు వేసి కడ్డీలు ముంచాక ఆరో నీళ్ళు కుళాయి నీళ్ళను మించిపోయి బురదైపోయాయి!

ఇందులో గారడీ ఏమీ లేదు. నీళ్ళలో లవణాలుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు పడుతుంది. మనం చూసిన గోధుమరంగు మడ్డి ఆ కడ్డీ తుప్పే. ఆరో నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, కడ్డీ కరగదు. అంతే. ఆ పరికరం నీళ్ళలో ఉప్పుందో లేదో చెబుతుందే గానీ, క్రిములున్నాయో లేదో చెప్పలేదు. కుర్రాణ్ణి అడిగితే "మాకు ట్రైనింగులో ఇలాగే నేర్పారండీ" అన్నాడు. అతన్నని ఏం లాభం? మజ్జిగ ఇచ్చి పంపించాం.

అసలు కుళాయి నీళ్ళు ఎలా శుభ్రమవుతాయో మనలో చాలామందికి తెలుసు, తెలుసన్న సంగతే మరిచిపోయాం. వరదకాలంలో ఎర్రటి కృష్ణ నీళ్ళు బిందెల్లో తెచ్చుకుని, మా అమ్మమ్మ బిందె లోపల చిల్లగింజ అరగదీసేది. లేకపోతే పటికముక్క తిప్పేది. పొద్దుటికి మట్టంతా అడుక్కి చేరి నీళ్ళు తేటపడేవి. ఊరి చివర నీటిశుద్ధి కేంద్రంలో జరిగేదీ అదే. పటిక కలుపుతారు, నెమ్మదిగా కలియబెడతారు. పటిక జిగురుకి మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి అడుగుకి చేరతాయి. పైన తేరిన నీటిని ఇసుక పొరల్లోంచి వడకడతారు. చివర క్లోరిన్ కలుపుతారు. మొదటి మూడు పనులూ నీళ్ళను తేటపరుస్తాయి, చాలా క్రిములను కూడా తీసేస్తాయి. మిగిలిన వాటిని చంపేది క్లోరిన్. పైగా అది పైపులో మనింటిదాకా కాపలాగా వస్తుంది. కుళాయి దగ్గరికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశపు తాగునీటి ప్రమాణం. నీళ్ళకు ఒకోసారి బ్లీచింగు వాసన వస్తోందని విసుక్కుంటాం చూడండి, ఆ వాసన రానిరోజే కాస్త అనుమానపడాలి.

ఇక ఆరో మిషను సంగతి. అతి సన్నని పొరలోంచి నీటిని ఒత్తిడితో నెట్టి, లవణాలను ఇవతలే ఆపేసే ఏర్పాటది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట, ఫ్లోరైడు ఉన్నచోట అది నిజంగా ఉపకారమే, కాదనను. మన తెలుగుదేశంలో ఫ్లోరైడు బాధ ఈనాటిది కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో పళ్ళు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి వైద్యులు రాశారు. నల్గొండ జిల్లా కష్టం అందరికీ తెలిసిందే. ఫ్లోరైడు నీళ్ళు కాస్తే ఏమీ లాభం లేదు సుమండీ, నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. 1970లలో నాగపూరు నీరీ సంస్థవాళ్ళు దానికొక విరుగుడు కనిపెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు తగు పాళ్ళలో కలిపి, కలియబెట్టి, తేర్చి వడకట్టడం. దానిపేరే నల్గొండ పద్ధతి. ఆ పేరుతోనే విదేశీ పుస్తకాల్లోకి కూడా ఎక్కింది. ఆ తర్వాత, 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద, బోర్లకు బదులు శుద్ధిచేసిన నదినీళ్ళను పైపుల్లో ఆ పల్లెలకు తీసుకెళ్ళారు.

కానీ మా ఊళ్ళో వచ్చేవి నది నీళ్ళు. కరిగిన లవణాల లెక్క, అదే టీడీఎస్ అంటారే, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే. అలాంటి నీటికి ఆరో అక్కర్లేదు. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా టీడీఎస్ 500 దాటనిచోట ఆరో మిషన్లు వాడకుండా చూడమని కేంద్రాన్ని ఆదేశించింది. కారణం నీటి వృథా. ఇళ్ళలో పెట్టుకునే మిషను లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి మామూలుగా రెండు మూడు లీటర్లు బయటికి తోసేస్తుంది. (ఇప్పటికే మిషను ఉన్నవాళ్ళు ఆ నీళ్ళు బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములు కడగడానికి వాడుకోండి. మొక్కలకు మాత్రం రోజూ పోయకండి, ఉప్పు పేరుకుంటుంది.)

పోనీ క్యాను నీళ్ళు? మా వీధిలో ఇరవై లీటర్ల క్యాను ఇరవై రూపాయలు. చవకే కదా అనిపిస్తుంది. వెయ్యి లీటర్లకు లెక్క కట్టండి. యాభై క్యాన్లు, వెయ్యి రూపాయలు! అదే వెయ్యి లీటర్లు కుళాయిలో పదుల రూపాయల్లో వస్తాయి. ఆ క్యాను ఎప్పుడు కడిగారో, ఏ బోరు నీళ్ళు పట్టారో అడిగే హక్కు మనకుందో లేదో కూడా తెలీదు. ఇరవై రూపాయలిచ్చి గుడ్డినమ్మకం కొనుక్కుంటున్నామన్నమాట.

"అయితే పాపకి విరేచనాలెందుకొచ్చాయంటావ్?" అన్నారు పిన్నిగారు. అదీ అసలు ప్రశ్న.

మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు గంటన్నర సేపు వస్తాయి. మిగతా సమయమంతా పైపు ఖాళీ. ఆ పైపు మురుక్కాలువ పక్కనే, ఒకటి రెండుచోట్ల కాలువలోంచే పోతుంది. నీరు నిండుగా పారుతున్నంతసేపూ చిన్న చిల్లున్నా లోపలి నీరు బయటికి పోతుంది గానీ బయటి మురుగు లోపలికి రాదు. నీరు ఆగిపోయి పైపు ఖాళీ అయినప్పుడు మాత్రం చుట్టూ ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. మోటారు పెట్టి లాగేవాళ్ళుంటే మరీను. శుద్ధి కేంద్రంలో ఎంత శుభ్రం చేసినా, మన గుమ్మం దాకా వచ్చేసరికి ఇదీ గతి.

"మునిసిపాలిటీ వాళ్ళ వల్ల ఏమవుతుందమ్మా! ఏదైనా కంపెనీకి ఇచ్చేస్తే గానీ బాగుపడదు" అన్నారు పిన్నిగారు. ఆ మాట చాలామంది అంటారు. నేనూ అనేదాన్నే. కానీ ఆ రాత్రి ఉప్పు గ్లాసు తలుచుకుంటుంటే, ఎప్పుడో చదివిన లండన్ డాక్టరు కథ గుర్తొచ్చింది. ఆ కథలోనూ ఉప్పుంది మరి.

1854లో లండన్లో కలరా. అప్పుడక్కడ నీళ్ళమ్మేవి ప్రైవేటు కంపెనీలే. కొన్ని వీధుల్లో ఈ ఇంటికి ఒక కంపెనీ పైపు, పక్కింటికి ఇంకో కంపెనీ పైపు. సదర్క్-వాక్సాల్ కంపెనీ లండన్ మురుగు కలిసేచోటే థేమ్స్ నది నీళ్ళు తోడేది. లాంబెత్ కంపెనీ 1852లోనే మురుగు చేరని ఎగువకు తన పంపులు మార్చుకుంది. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ తిరిగి చావులు లెక్కపెట్టాడు. చాలా ఇళ్ళవాళ్ళకు తమ నీళ్ళు ఏ కంపెనీవో తెలీదు, అద్దె ఇళ్ళు మరి. అందుకని గ్లాసుడు నీళ్ళు తీసుకుని సిల్వర్ నైట్రేట్ వేసి ఉప్పు పాలు చూసేవాడు. దిగువన తోడిన నీళ్ళలో ఉప్పెక్కువ. అలా లెక్కతేలింది. పదివేల ఇళ్ళకు సదర్క్-వాక్సాల్ నీళ్ళు తాగినచోట 315 చావులు, లాంబెత్ నీళ్ళు తాగినచోట 37. రెండూ కంపెనీలే, రెండూ డబ్బు తీసుకున్నవే. ఒకరు పంపు మార్చడానికి ఖర్చుపెట్టారు, ఇంకొకరు ఆలస్యం చేశారు. పక్కపక్క ఇళ్ళలో పిల్లలు పోయారు.

1904లో ఆ కంపెనీలన్నిటినీ ప్రజల బోర్డు కిందికి తెచ్చారు. 1989లో ఇంగ్లండు మళ్ళీ నీళ్ళను ప్రైవేటుకిచ్చింది. ఇప్పుడు లండన్‌కు నీళ్ళిచ్చే థేమ్స్ వాటర్ కంపెనీ పీకలదాకా అప్పుల్లో ఉంది. 2025 మేలో అక్కడి నియంత్రణ సంస్థ దానికి 12 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేసింది. మురుగునీటి నిర్వహణలో నియమాలు తప్పినందుకు కొంత, వాటాదారులకు డివిడెండ్లు పంచిన తీరుకు కొంత.

మరి పేదదేశంలో నీళ్ళు కంపెనీకిస్తే? దానికి కోచబాంబ కథ చెప్పాలి. ఇది కాస్త వివరంగా చెబుతాను.

దక్షిణ అమెరికాలో బొలీవియా అనే దేశం. అందులో కొండల మధ్య లోయలో కోచబాంబ నగరం. అక్కడి క్వెచువా భాషలో ఆ పేరుకి చెరువుల మైదానమని అర్థమట. పేరులో చెరువులున్నా కుళాయిలో నీళ్ళుండేవి కావు. నగరపాలక నీటిసంస్థ సెమాపా సగం జనానికే పైపులు వేయగలిగింది. దక్షిణపు వాడల్లో పేదలు ట్యాంకరు నీళ్ళు కొనుక్కునేవారు. కుళాయి ఉన్న మారాజుల కన్నా ట్యాంకరు దగ్గర నిలబడే పేదవాళ్ళే ఎక్కువ ఖరీదుకి తాగేవారు. (ఇది మనకు కొత్తా?) కొన్నిచోట్ల వాడవాళ్ళంతా చందాలు వేసుకుని, తామే పలుగూ పారా పట్టి బావులు తవ్వుకుని సహకార సంఘాలు పెట్టుకున్నారు.

ఇలాంటి ఊరిని ప్రభుత్వం 1999 సెప్టెంబరులో ఒక కంపెనీల కూటమికి 40 ఏళ్ళకు రాసిచ్చింది. ఆ కూటమి పేరు అగువాస్ డెల్ తునారి. వేలానికి వచ్చింది వాళ్ళొక్కరే. అందులో అమెరికాలోని బెక్టెల్‌కు సంబంధించిన సంస్థకు పెద్ద వాటా. ఒప్పందంలో ముఖ్యమైన షరతు వినండి. పెట్టుబడి మీద కంపెనీకి ఏటా 15 నుంచి 17 శాతం దాకా లాభం గ్యారంటీ. మన చీటీల కంపెనీలు కూడా అంత ధైర్యంగా మాటివ్వవు! ఆ వెంటనే వచ్చిన కొత్త చట్టం, ఆ ప్రాంతంలో నీళ్ళ మీద హక్కంతా కంపెనీకే కట్టబెట్టేలా ఉంది. తాము చేతులతో తవ్వుకున్న బావులకు కూడా మీటరు బిగిస్తారేమో, చూరునీళ్ళు పట్టుకోడానికి కూడా లైసెన్సు అడుగుతారేమోనని జనంలో భయం పాకిపోయింది.

2000 జనవరిలో కొత్త బిల్లులు వచ్చాయి. సగటున 35 శాతం పెంచామన్నారు. చాలా ఇళ్ళకు మాత్రం రెట్టింపు వచ్చింది, కొందరికి అంతకన్నా ఎక్కువ. కుళాయిలో నీళ్ళు ఒక్క చుక్క పెరగలేదు. ముందుముందు కొండ తొలిచి నీళ్ళు తెచ్చే పథకానికి అయ్యే ఖర్చు ఇప్పటి బిల్లులోనే పడింది. నెలకు 70 డాలర్ల దాకా సంపాదించే ఇళ్ళకు 20 డాలర్ల నీటిబిల్లు వచ్చిందని అప్పటి వార్తలు. అక్కడి ఇల్లాలి స్థానంలో మనల్ని పెట్టుకుని చూద్దాం. కరెంటు బిల్లు హెచ్చితే ఫ్యాను ఆపుతాం, గ్యాసు పెరిగితే ఒక కూర తగ్గిస్తాం. నీళ్ళ బిల్లు పెరిగితే ఏం ఆపుతాం? పిల్లల స్నానమా, గిన్నెలు తోమడమా, బియ్యం కడగడమా?

వాళ్ళు బిల్లు కట్టడం ఆపేశారు. నగరం నడిబొడ్డున చౌకులో బిల్లులు కుప్పపోసి తగలబెట్టారు. చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆస్కార్ ఒలివెరా నాయకత్వంలో కార్మికులు, చుట్టుపక్కల రైతులు, వాడసంఘాలవాళ్ళు, విద్యార్థులు ఒక్కటయ్యారు. ఆడవాళ్ళు రోడ్లకు అడ్డంగా రాళ్ళు పేర్చినచోటే పొయ్యిలు పెట్టి అందరికీ వండిపెట్టారు. మార్చిలో తమకు తామే ఓటింగు పెట్టుకుంటే సుమారు 50 వేలమంది ఓటేశారు. వాళ్ళలో 96 శాతం ఒప్పందం రద్దు కావాలన్నారు. ప్రభుత్వం వినలేదు. ఏప్రిల్ 8న అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అదేరోజు విక్టర్ హ్యూగో డాజా అనే 17 ఏళ్ళ కుర్రాడు తుపాకీ గుండుకు చనిపోయాడు. నీళ్ళ బిల్లు కోసం ఒక తల్లి కొడుకుని పోగొట్టుకుంది. ఏప్రిల్ 10న ప్రభుత్వం దిగొచ్చి ఒప్పందం రద్దు చేసింది.

కంపెనీ ఊరుకుందా? నష్టపరిహారం ఇప్పించమని అంతర్జాతీయ పంచాయతీకెక్కింది. లోకమంతా వేలెత్తి చూపేసరికి 2006 జనవరిలో తన వాటాలు రెండు బొలీవియానోలకు, అంటే ఓ టీ ఖరీదుకి, వదులుకుని కేసు మానుకుంది. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితిలో మంచినీరు మానవహక్కేనన్న తీర్మానం బొలీవియా తరఫునే వచ్చింది. అనుకూలంగా 122 దేశాలు. 41 దేశాలు ఎటూ ఓటు వేయలేదు. వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక్కడితో ఆపేస్తే కథ సినిమాలా ఉంటుంది. కానీ నిజం చెప్పాలి కదా. కంపెనీ వెళ్ళిపోయాక నగరం మళ్ళీ సెమాపా చేతికొచ్చింది గానీ, నీళ్ళు మాత్రం అందరికీ రాలేదు. ఆ తర్వాత ఏళ్ళతరబడి దక్షిణపు వాడల్లో ట్యాంకర్లే దిక్కయ్యాయి. సెమాపా అధికారుల మీదా ఆరోపణలొచ్చాయి. కంపెనీని పంపించేస్తే పైపు దానంతటదే ఊళ్ళోకి రాదు మరి.

అలాగని కంపెనీ పేరెత్తితేనే చెడ్డదనీ అనలేను. కర్ణాటకలో హుబ్లీ-ధార్వాడలో కొన్ని వార్డులకు 2008 నాటికి 24 గంటలూ నీళ్ళు ఇచ్చి చూపించింది ఒక ఫ్రెంచి కంపెనీయే, వియోలియా. ఎప్పుడూ ఖాళీ కాని పైపులోకి మురుగు చేరదని మన కళ్ళెదుటే రుజువైంది. మరోవైపు ఆ వియోలియా, సూయెజ్ అనే ఇంకో కంపెనీ కలిసి పాతికేళ్ళపాటు నీళ్ళు అందించిన వాళ్ళ సొంత పారిస్ నగరమే 2010 జనవరి 1 నుంచి నీళ్ళను మళ్ళీ తన చేతుల్లోకి తీసుకుంది. మరుసటేడు ధర 8 శాతం తగ్గించింది కూడా. వాటాదారులకు పంచాల్సిన పని లేదు కదా, అంతేలెండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మన పొరుగున ఒడిశా పూరీ. 2021 జూలైలో అక్కడ ఊరంతటికీ 24 గంటలూ, కుళాయి తిప్పి నేరుగా తాగే నీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. పనిచేసేది ప్రభుత్వ సంస్థే. ఇందులో విశేషమేమిటంటే జలసాథీలు. వీళ్ళు డ్వాక్రా సంఘాలలాంటి మహిళా పొదుపు సంఘాల ఆడవాళ్ళు. ఇంటింటికీ వెళ్ళి మీటరు చూస్తారు, బిల్లు ఇస్తారు, డబ్బు వసూలు చేస్తారు. వసూలులో కొంత వాళ్ళకు దక్కుతుంది. చేతిసంచీలో పరీక్ష సామాను పెట్టుకెళ్ళి, ఆ ఇంటి కుళాయి దగ్గరే నీళ్ళు పరీక్షించి చూపిస్తారు. నీళ్ళు బాగోలేకపోతే ఇల్లాలు ఎవరిని నిలదీయాలి? ఎదురుగా నిలబడ్డ ఆవిణ్ణే! ఆవిడ కూడా ఆ ఊరి కుళాయి నీళ్ళే తాగుతుంది.

మర్నాడు ఈ సంగతులన్నీ పిన్నిగారికి చెప్పాను. అంతా విని, "అదంతా సరే, మన పైపు సంగతేంటి?" అన్నారు.

సరేనని వీధిలో ఐదారుగురం ఆడవాళ్ళం కలిసి అర్జీ రాశాం. ఊరికే నీళ్ళు బాగోలేవని రాస్తే పక్కన పడేస్తారని, "మా వీధి చివరింటి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్షించి, ఎంతుందో మాకు రాతపూర్వకంగా ఇవ్వండి" అని రాశాం. ఆఫీసులో మొదటిరోజు సారు లేరన్నారు. రెండోరోజు కాగితం తీసుకుని రసీదు ఇవ్వమన్నారు. రసీదు ఇచ్చేదాకా పిన్నిగారు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఆవేళ అలా పనికొచ్చాయి. ఐదోరోజున నీళ్ళొచ్చే టైముకి లైనుమాన్ వచ్చాడు. చిన్న గాజుగొట్టంలో నీళ్ళుపట్టి మందు చుక్కలు వేశాడు. క్లోరిన్ ఉంటే పసుపురంగు రావాలట. వీధి మొదట్లో ఇంటి దగ్గర లేత పసుపు వచ్చింది. మా చివర రెండిళ్ళ దగ్గర ఏ రంగూ రాలేదు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"మధ్యలో ఎక్కడో మురుగు కలుస్తోందమ్మా, క్లోరినంతా దానికే సరిపోతోంది" అన్నాడు. కల్వర్టు కింద తవ్విస్తే, కాలువలోంచి పోయే పాత ఇనప పైపు జాయింటు దగ్గర చెయ్యి పట్టేంత సందు. దాన్ని మార్చేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. మధ్యలో రెండుసార్లు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

అన్నాళ్ళూ పాపకి నీళ్ళు కాచి ఇచ్చారు. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు అలాగే తెర్లనిచ్చి, మూతపెట్టి చల్లారనిచ్చి, అదే గిన్నెలోంచి కాడగరిటెతో తీసుకోవాలి. కాచిన నీళ్ళలో చెయ్యి ముంచితే కాచిన ఫలం పోయినట్టే. వీధిలో సంపులు, పై ట్యాంకులు అన్నీ ఒకే ఆదివారం కడిగించాం. మా సంపులో ఒక బొమ్మ కారు, రెండు చెంచాలు దొరికాయి.

పైపు మార్చాక లైనుమాన్ మళ్ళీ వచ్చి పరీక్ష చేశాడు. పిన్నిగారి కుళాయి దగ్గర గాజుగొట్టంలో నీళ్ళు నిమ్మకాయరసం రంగుకి తిరిగాయి. ఆవిడ కళ్ళకు మసక కదా, "వచ్చిందా, రంగొచ్చిందా?" అని మనవరాలిని అడిగారు. పాప గొట్టం పట్టుకుని వెలుతురుకి పెట్టి చూసి, "పచ్చగా వచ్చింది అమ్మమ్మా" అంది. పిన్నిగారి కంటి ఆపరేషను వచ్చే నెల పదకొండున.